కొండకు వచ్చిన చైనా ఆయన

యుద్ధం అయిపోయినా ధరలు దిగిరాని రోజులవి. మాచర్ల బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ని. అంతకు ముందు ఏడాదే నా భార్య కాన్పులో పోయింది. శుక్రవారం బడి వదిలితే సోమవారం దాకా ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడే పని ఉండేది కాదు.

దసరా సెలవుల్లో ఒక పొద్దున బండి తోలే ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఎవరో రైలు దిగి, భాష తెలీక స్టేషన్లో కూర్చున్నాడట. వెళ్లి చూస్తే చైనా దేశస్థుడు. ముప్పై ఏళ్లుంటాయి. చంకలో బొమ్మలు గీసే కాగితాల చుట్ట. నాగార్జునకొండ దగ్గర తవ్వి తీసిన శిల్పాలను గీసుకోవాలని వచ్చానని ఇంగ్లీషులో చెప్పాడు. యుద్ధానికి ముందు అక్కడికి వెళ్లొచ్చిన స్నేహితుడు బండి బాడుగ రెండు రూపాయలని చెప్పాడట. బండాయన ఎనిమిది అడిగాడు. గడ్డి, పత్తిగింజలు, చక్రానికి వేసే ఇనప పట్టా, అన్నీ పెరిగాయని చెప్పుకొచ్చాడు.

ఆయన బేరమాడలేదు. అసలు దెబ్బ తనకు ఇంటిదగ్గరే తగిలిందన్నాడు. బయలుదేరినప్పుడు చేతిలో ఉన్న సొమ్ము ఈ దేశంలో ఏడాది తిరగడానికి సరిపోయేది. వాళ్ల నోటు విలువ వారం వారం పడిపోయి, కలకత్తాలో దిగి రూపాయల్లోకి మార్చుకునేసరికి అది నాలుగు నెలలకే వచ్చింది. అందులో మూడు నెలలు గడిచిపోయాయి. ఇదంతా నేను తెలుగులో చెబితే బండాయనకు వెంటనే అర్థమైంది.

"ఏటి అవతల నైజాంలో మన రూపాయికి వాళ్ల రూపాయి మీద ఇంకో రెండణాలు ఇస్తారు గదా, అట్టాంటిదే. ఈయనది రోజూ తగ్గిపోతా ఉంది, అంతే," అని ఒక రూపాయి తగ్గించాడు.

నేనూ బండెక్కాను. అయిదు రోజులుండాలని వచ్చిన మనిషి, బండిని నిలిపితే రోజు బాడుగ ఇవ్వాలి కాబట్టి మూడు రోజులకు కుదించుకున్నాడు. వెలుగున్నంతసేపూ గీశాడు. గీస్తూ సన్నగా ఏదో అంటుండేవాడు. పాటా అని అడిగాను. కాదట. రాయి, చెయ్యి, ఏనుగు, ఆకు, కనబడినవాటి పేర్లన్నీ తన భాషలో పలుకుతున్నాడు. ఆ భాష మాట్లాడే మనిషి ఎదురుపడి మూడు నెలలైందన్నాడు. వంట చేసుకునేటప్పుడు నేను కూడా మా ఆవిడ అనే మాటలు పైకి అనుకుంటుంటానని చెప్పాను. అది అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు, ఇంకో రెండు రోజులుండమని, బాడుగ నేనిస్తానని అన్నాను.

"వద్దు. మీరిచ్చే పది రూపాయలు నేను ఇల్లు చేరేనాటికి మా డబ్బులో ఎంతవుతాయో తెలీదు. తీర్చగలనని మాట ఎట్లా ఇస్తాను?" అన్నాడు.

తీర్చక్కర్లేదన్నాను. ఆయన కాగితాలు చుట్టుకుని బండెక్కాడు.

రెండు నెలలకు కలకత్తా నుంచి ఉత్తరం వచ్చింది. ఓడ టిక్కెట్టు మళ్లీ పెరిగిందట, ఉన్న డబ్బు చాల్లేదట. తన దేశంవాళ్ల చెప్పుల దుకాణంలో పనికి కుదిరాడు. ఇప్పుడు రోజంతా తన భాషే వింటున్నాననీ, ఇంటి నుంచి మాత్రం ఉత్తరాలు ఆగిపోయాయనీ రాశాడు. మాచర్ల రమ్మని, నా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉందని జవాబు రాశాను.

వేసవిలో నా ఉత్తరమే వెనక్కి వచ్చింది. ఆ చిరునామాలో అలాంటి మనిషి లేడని పైన రాసి ఉంది. అది ఇచ్చి తపాలా ఆయన వెళ్లిపోయాక అరుగు మీద చానాసేపు కూర్చున్నాను. ఆ దారిన ఎవరూ రాలేదు.