చూడకుండా రాసిన షెడ్డు

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది జూన్‌లో నాకు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ప్రొబేషన్ ఆఫీసరు బాధ్యత అప్పగించారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు ఉన్నాయి. ఈ ఉద్యోగం పేరు వినగానే చాలామంది, ఇంకా పర్మినెంటు కాని మనిషి అనుకుంటారు. మా మామగారు కూడా పెళ్లైన పదేళ్ల దాకా, ‘ఎప్పుడు ఖాయం చేస్తారంట అల్లుడూ?’ అని దిగులుగా అడిగేవారు.

మా పని వేరు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు కేసులో ఇరుక్కుంటే మామూలు కోర్టుకు పంపరు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక సభ్యులు ఉండే బాలల న్యాయ మండలి ముందు హాజరుపరుస్తారు. ఆ పిల్లవాడి ఇల్లు, చదువు, స్నేహాలు, బుద్ధులు అన్నీ తిరిగి చూసి ప్రొబేషన్ ఆఫీసరు సాంఘిక పరిశోధన నివేదిక రాస్తాడు. దాన్ని చదివి మండలి ఆదేశం ఇస్తుంది. అది అమలవుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండేదీ ప్రొబేషన్ ఆఫీసరే. మా కాగితాల్లో ‘నేరస్థుడు’, ‘శిక్ష’ అనే మాటలు వాడకూడదు. పిల్లవాడి అసలు పేరు కూడా బయట చెప్పకూడదు. కాబట్టి ఇక్కడ అతన్ని దస్తగిరి అంటాను.

ఈ దస్తగిరి కేసు ఆధారంగా నేను ‘ఎదురెదురు పద్ధతి’ అనేదాన్ని కనిపెట్టాను. పగవాళ్లిద్దరినీ ఒకే పనిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి మనసులు మార్చే పద్ధతి. కొత్తగా చేరిన ఆఫీసర్ల శిక్షణ తరగతుల్లో దీని మీద రెండుసార్లు ఉపన్యాసం ఇచ్చాను. రెండోసారి శాలువా కూడా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ మా బీరువాలో ఉంది. దాన్ని కప్పుకునే అర్హత నాకు ఎంత ఉందో ఈ వ్యాసం చివరికి మీకే తెలుస్తుంది.

దస్తగిరిది ఆదోని. వయసు పదహారు. తండ్రి పరుపులు, బొంతలు కుట్టేవాడు. ఆయనకు ఎమ్మిగనూరులో ఈరన్న అనే నేతగాడు ప్రాణ స్నేహితుడు. దస్తగిరి ఈరన్నను పుట్టినప్పటి నుంచీ మామా అనే పిలిచేవాడు. ఒకరోజు ఇద్దరు స్నేహితులూ ఎమ్మిగనూరులో పరుపుల గుడ్డ కొనుక్కుని మోటారుసైకిల్ మీద ఆదోనికి వస్తుండగా మేకల మంద అడ్డం వచ్చింది. బండి పడింది. దస్తగిరి తండ్రి అక్కడికక్కడే పోయాడు. ఈరన్నకు చెయ్యి విరిగింది. బండి తోలింది చనిపోయినవాడేనని ఈరన్న పోలీసులకు వాంగ్మూలం ఇచ్చాడు. బండి కూడా చనిపోయినవాడిదే కాబట్టి అందరూ నమ్మారు.

నమ్మనివాడు దస్తగిరి ఒక్కడే. బండి పడడానికి కాసేపటి ముందు అతను తండ్రికి ఫోన్ చేశాడు. ‘మూట నా ఒళ్ళో ఉంది రా, మామ తోల్తాండాడు, వచ్చేస్తాండాము’ అన్నాడట తండ్రి. ఆ మాట దస్తగిరి ఎవరికి చెప్పినా తండ్రి పోయిన బాధలో ఏదో అంటున్నాడనుకున్నారు. బండి సరిగా తోలలేక తన చావు తానే తెచ్చుకున్నాడని వీధిలో అనుకుంటూ ఉంటే వినాల్సి వచ్చింది. అన్నవాళ్లను కొట్టాడు. ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో కాలేజీ మానేశాడు. చివరికి ఒక మధ్యాహ్నం కొడవలి తీసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కి, ఈరన్న ఇంట్లో మగ్గం మీద ఉన్న పడుగును, అంటే నిలువు పోగులన్నింటినీ, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కోసేశాడు. తర్వాత కొడవలి గడపలో పెట్టి, పోలీసులు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.

నేను ఆదోనిలో వాళ్లింటికి వెళ్లి, తల్లితో మాట్లాడి, కాలేజీలో విచారించి నివేదిక రాశాను. ఆ నివేదికలో అంతవరకు నా పని శుభ్రంగానే ఉంది. పోగు విలువ తెలియక కోసినవాడు పోగుల దగ్గరే కొన్నాళ్లు పనిచేయాలని, అందుకు ఎమ్మిగనూరులోని ఒక చేనేత సంఘం షెడ్డు తగినదని సిఫారసు చేశాను. మండలి ఒప్పుకుంది. రోజుకు మూడు గంటల చొప్పున నెల రోజుల సమాజ సేవకు ఆదేశించింది. పూర్తి చేయకపోతే కేసు మళ్లీ మండలి ముందుకు వస్తుంది. అప్పుడు ప్రత్యేక గృహానికి, అంటే ఇలాంటి పిల్లల్ని ఇంటికి దూరంగా నిర్బంధంలో ఉంచే చోటికి, పంపే అవకాశమే ఎక్కువ. తండ్రి లేని ఆ ఇంట్లో తల్లికి మిగిలింది ఈ పిల్లవాడు ఒక్కడే.

ఇలా పంపే ముందు ఆ చోటును ప్రొబేషన్ ఆఫీసరు స్వయంగా తనిఖీ చేయాలి. నష్టపోయిన మనిషి అక్కడ ఉండకూడదన్నది అందులో మొదట చూసుకోవాల్సిన సంగతి. నా తనిఖీ నివేదికలో ఇలా ఉంది: ‘షెడ్డులో గాలి, వెలుతురు ధారాళంగా ఉన్నాయి. తాగునీటి వసతి కలదు. ఫిర్యాదుదారు తన సొంత ఇంట్లో నేత నేయుచున్నందున ఇక్కడ ఎదురుపడే అవకాశం లేదు.’

చక్కటి నివేదిక. దాన్ని నేను ఎమ్మిగనూరు బస్టాండు పక్కన టీ బంకులో కూర్చుని రాశాను. నేను ఈ ప్రాంతానికి వచ్చిన మరుసటి ఏటి మే నెల ఎండ. షెడ్డు అక్కడికి మైలు దూరం. తాగునీటి వసతి టీ బంకుది. పడుగు పోయాక మళ్లీ మగ్గం ఎక్కించుకునే శక్తి లేక ఈరన్న ఇంట్లో నేత మానేసి, అదే షెడ్డులో కూలికి చేరాడన్న సంగతి ఆ బంకులో ఎవరినడిగినా చెప్పేవారు. నేను అడగలేదు. రెండు మిర్చి బజ్జీలు తిని ఆదోని బస్సెక్కాను.

మొదటి రోజు పదిన్నరకు ఫోన్ వచ్చింది. చేసింది నాగమ్మ. ఆ షెడ్డులో అచ్చు అతికే పనికి ఆమే పెద్ద. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగులోని ప్రతి పోగునూ మగ్గం మీద మిగిలిన పాత పోగు కొసకు కలిపి, వేళ్లకు బూడిద రాసుకుని మెలి తిప్పడాన్ని అచ్చు అతకడం అంటారు. వేల పోగులు. ఒకరు పోగు ఎంచి అందించాలి, ఎదుట కూర్చున్నవారు మెలి వేయాలి. మొదలుపెట్టిన జతే ముగించాలన్నది నాగమ్మ పెట్టిన నియమం. మధ్యలో చెయ్యి మారితే బిగువు మారుతుందట.

‘ఏమి సార్, పామును ముంగిసను ఒకే బుట్టలో పెట్టి పంపినావే?’ అంది నాగమ్మ. ‘ఆ పిల్లోడు ఈరన్నను సూసి లేసి నిలబడినాడు. కొట్టల్యా. కొట్టింటే బాగుండు, ఆ సూపు సూడల్యాక సస్తాండాము. వస్తావా, నన్నే రమ్మంటావా?’

గంటలో అక్కడికి చేరుకున్నాను. దస్తగిరి గేటు బయట నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఒకటే అడిగాడు: ‘ఆయప్ప ఈడ ఉండాడని నీకు తెలుసా సార్?’

తెలియదని చెబితే నేను షెడ్డు చూడలేదని ఒప్పుకోవాలి. స్థలం మార్చమని మండలికి రాస్తే ఎందుకని అడుగుతారు. రిటైర్మెంటు ముందు తప్పుడు తనిఖీ కేసు మెడకు చుట్టుకుంటుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి. ‘తెలుసు. కావాలనే పెట్టినాను’ అన్నాను. శాలువా తెచ్చిన పద్ధతి పుట్టింది అక్కడ, ఆ గేటు ముందు.

‘అయితే నువ్వు గూడ ఆయప్ప పక్కమే’ అన్నాడు దస్తగిరి. వెళ్లిపోతాడనుకున్నాను. లోపలికి నడిచాడు. నాగమ్మతో, తనను ఈరన్నకు ఎదురుగానే కూర్చోబెట్టమన్నాడు. ‘నెల దినాలు ఆయప్ప మొగమే జూస్తా కూచుంటా. ఎంతసేపు తల వంచుకుంటాడో నేనూ జూస్తా.’

అయితే అచ్చు అతికే పనిలో ఎదుటివాడి మొహం చూడడం కుదరదు. చూస్తే పోగు తప్పుతుంది. తప్పిన ప్రతిసారీ నాగమ్మ అక్కడిదాకా విప్పించేది. ‘మొగం సూసేది ఇంటికి పోయి అద్దంలో సూసుకోప్పా, ఈడ పోగు సూడు’ అనేది. రెండు మూడు రోజులకు పిల్లవాడి కళ్లు పోగుల మీదికి దిగాయి. వారానికి ఒకసారి వెళ్లి చూడడం నా విధి. ఈసారి నిజంగానే వెళ్లాను. ఇద్దరూ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, ఒక్క మాట లేకుండా పని చేసుకుంటున్నారు. ఒకడు అందిస్తాడు, ఒకడు తీసుకుంటాడు. దస్తగిరి వేళ్లు అప్పటికే చురుకందుకున్నాయి. నాగమ్మ నా చెవిలో, ఇంత కోపం ఉన్నోడి చెయ్యి ఇంత నిదానంగా ఉండడం తాను చూడలేదని చెప్పింది.

రెండో వారం నేను వెళ్లిన రోజున ఈరన్న మెలి వేయబోతున్నవాడల్లా చెయ్యి ఆపాడు. తల ఎత్తకుండానే, అందరికీ వినబడేట్టు అన్నాడు: ‘బండి నేనే తోలినా దస్తగిరీ. మీ నాయన మూట పట్టుకోని యెనక కూచోనుండె. నాకు లైసెన్సు ల్యాకపాయె. జైల్లో ఏస్తారని బయపడి పోలీసోళ్ళకు అట్ల సెప్పినా. పోగు అందిస్తాండావు సూడు, దినమ్మూ నీ చెయ్యి సూసి నాకు అన్నం పోవడంల్యా.’

ఇరవై మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. శిక్షణ తరగతిలో ఇలాగే చెప్పాను. నిజానికి ఆ షెడ్డులో ఉన్నవి ఎనిమిది. అందులో రెండు ఎప్పుడూ ఆగే ఉండేవి.

దస్తగిరి లేచాడు. అందరూ లేచారు. అతను చేతిలోని పోగును జాగ్రత్తగా పక్క పోగుల మీద వేసి, బయటికి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లాను. మూసి ఉన్న ఒక అంగడి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ‘పద్నాలుగు నెల్లు సార్. మా నాయన్ను అందరూ తిడ్తాంటే పద్నాలుగు నెల్లు ఇన్నాడు. ఒక్క మాట సెప్పేదానికి అంత బయమా?’

తరగతిలో ఈ చోట నేను పిల్లవాడికి హితవు చెప్పినట్టు వర్ణించాను. అది కూడా అబద్ధమే. ఆ సమయంలో నాకు ఏ హితవూ తోచలేదు. భయం గురించి నాకు తెలిసింది ఒకటే ఉంది, అది చెప్పాను. ‘అంత భయమేనప్పా. నేనూ నీతో అబద్ధమే చెప్పినాను. ఈరన్న ఇక్కడ ఉన్నాడని నాకు తెలియదు. షెడ్డు చూడకుండానే, బస్టాండులో బజ్జీలు తింటా రాసినాను. నా ఉద్యోగానికి ఎసరొస్తుందని కావాలనే పెట్టినానన్నాను.’

అతను తలెత్తి చూశాడు. ఈసారి కొట్టించుకునేది నేనే అనుకున్నాను. ‘బజ్జీలు తింటా రాసినావా?’ అన్నాడు. నవ్వు కాదు, నవ్వులాంటిది ఒకటి వచ్చింది. తర్వాత చాలాసేపు ఏడ్చాడు. ఆ రోజు లోపలికి వెళ్లలేదు. మరుసటి రెండు రోజులూ రాలేదు. రెండు రోజులూ గైర్హాజరు వేయాల్సింది నేను. వేశాను. ఇక చూడకుండా ఏదీ రాయకూడదని నిశ్చయించుకున్నాను గానీ, ఆ రెండు సున్నాలూ సాయంత్రం దాకా ఆగి వేశాను. మూడో సున్నా పడితే మండలికి తెలియజేయాలి.

మూడో రోజు ఉదయం మొదటి బస్సులో వచ్చాడు. చేతులు కడుక్కుని తన చోట కూర్చున్నాడు. నాగమ్మ ఆ రెండు రోజులూ వేరే చెయ్యి పెట్టలేదు. ఈరన్న వేరే పనేదో చేసుకుంటూ ఆ పడుగును అలాగే వదిలేశాడు. దస్తగిరి పోగు ఎంచి పట్టుకున్నాడు. ‘రా మామా’ అన్నాడు. ఈరన్న వచ్చి కూర్చున్నాడు.

మధ్యాహ్నం దస్తగిరి నాకు తన షరతులు చెప్పాడు. ఈరన్న ఆదోనికి వచ్చి తన తల్లి ముందర ఆ మాట చెప్పాలి. తర్వాత స్టేషన్లో రాసివ్వాలి. ‘నువ్వు గూడ రాసియ్యి సార్’ అని నా వైపు తిరిగాడు. ఈరన్న రెండూ చేశాడు. రెండు చోట్లకూ దస్తగిరి పక్కనే వెళ్లాడు. స్టేషన్లో సంతకం పెట్టేటప్పుడు ఈరన్న విరిగి అతికిన చెయ్యి వణికితే, కాగితం కదలకుండా ఆ పిల్లవాడు అదిమి పట్టుకున్నాడని తర్వాత విన్నాను. విన్నాను అంటున్నాను, చూశాను అనడం లేదు.

నేను కూడా రాశాను. మండలికి ఇచ్చిన తుది నివేదికలో, స్థల తనిఖీ జరపకుండానే జరిపినట్టు రాశానని ఒక పేరా చేర్చాను. మండలి దస్తగిరి ప్రవర్తనను మెచ్చుకుని కేసు ముగించింది. నాకు మెమో వచ్చింది. శిక్షణ తరగతుల్లో మెమో సంగతి దాచాను. శాలువా కథ అదీ.

కోపం ఎట్లా పోయిందని దస్తగిరిని ఒకసారి అడిగాను. పద్ధతి తెలిస్తే నా ఉపన్యాసానికి పనికొస్తుందని ఆశ. ‘పోలేదు సార్. మా నాయన తోలలేదని ఎవురో ఒకరు గెట్టిగా అనాల కదా, దానికే పెట్టుకోనుంటి. ఆ మాట వచ్చేసినాక దాన్ని మోసేదానికి నాకు ఇంగ పని కనపడల్యా. ఆ రెండు దినాలూ ఇంట్లో కూచోని అదే సూసుకున్న్యా’ అన్నాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత తేటగా ఆలోచించిన మనిషిని, పెద్దవాళ్లలో కూడా, నేను చూడలేదు. ఈ వాక్యంలో ఒక్క మాట కూడా పెంచలేదు.

ప్రమాదం కేసు మళ్లీ తెరిచారు. అది ఇంకా నడుస్తోంది. ఈరన్నకు ఏం పడుతుందో తెలియదు. దస్తగిరి కాలేజీలో తిరిగి చేరాడు. వాయిదాకు ఈరన్న కోర్టుకు వెళ్లిన రోజుల్లో మాత్రం ఆదోని నుంచి బస్సులో వచ్చి, ఆయన మగ్గం మీద కూర్చుని నేస్తాడు, కూలి పోకుండా. కేసు వెనక్కి తీసుకోమని అతను ఎవరినీ అడగలేదు. నేత ఆపనూ లేదు.

ఆ నెల రోజుల్లో నాకు తెలిసింది ఇంతే. క్షమించినవాడు లెక్కను మాఫీ చేయనక్కర్లేదు. నిజం కాగితం మీదికి ఎక్కించి, దాని ఫలితాన్ని దాని దారికి వదిలి, ఆ మనిషితో మళ్లీ పనికి కూర్చుంటే చాలు. ఇక చోటు చూడకుండా నివేదిక రాయకూడదన్నది మా శాఖ నియమావళిలో మొదటి నుంచీ ఉంది. అది చదవడానికి నాకు ముప్ఫై ఏళ్లు, ఒక పదహారేళ్ల పిల్లవాడు కావాల్సి వచ్చింది.