సినిమాకెక్కిన మా మామ జలతరంగం

పోయిన నెల కోదాడలో ఒక పెళ్లి చూసుకొని సూర్యాపేటకు తిరిగొస్తూ, మునగాల దాటాక రోడ్డు పక్క ధాబాలో చాయ్ కోసం ఆగాము. పక్క బల్ల మీద లారీ డ్రైవరు ఒకాయన ఫోన్లో ఏదో సీరియల్ చూస్తున్నాడు. మాటలు లేని చోట, లోహపు రేకును వేలితో మీటినట్టు సన్నని మోత ఒకటి వచ్చింది. అదేందని మా చెల్లె అడిగితే, ఆఫ్రికా వాళ్ల కలింబా అనీ, అయితే దాన్ని ఎవరూ పక్కన కూర్చుని వాయించి ఉండరనీ, కీబోర్డు మీద మీటలు నొక్కి ఉంటారనీ చెప్పాను. ఆ పని నేనూ చాలా ఏండ్లు చేశాను. మన వయసు వాళ్లకు క్యాసెట్ల కాలం గుర్తుండే ఉంటుంది కాబట్టి, అప్పటి సంగతి ఒకటి చెబుతాను.

సూర్యాపేటలో మా ఆయన ఒక కిరాయి గదిలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడిపేవాడు. పల్లెపాటలు, చర్చి పాటలు, ఎన్నికలొస్తే పార్టీల పాటలు, అన్నిటికీ కీబోర్డు నేనే. చిన్నప్పుడు చర్చిలో హార్మోనియం మీద పడ్డ చెయ్యి అది. కొన్నాళ్లకు సాంప్లర్ ఒకటి తెచ్చుకున్నాము. ఏ వాయిద్యాన్నైనా ఒక్కో స్వరం కొట్టించి, ఆ మోతను రికార్డు చేసి, మీటల వెనక పెట్టుకునే యంత్రం అన్నమాట. దాంతో వచ్చిన డిస్కుల్లో జావా దీవి గంటలు, కొయ్య పలకల మారింబా, నేను కంటితో చూడనివి ఎన్నో ఉండేవి. ఒక్కొక్కటీ నొక్కి వింటూ, అది కొయ్యో ఇత్తడో, ఒళ్లో పెట్టుకునేదో నేల మీద పెట్టుకునేదో ఊహించుకోవడం నాకు మంచి కాలక్షేపం.

అట్లాంటి రోజుల్లో దామరచర్ల వైపు దర్శకుడు ఒకాయన తన మొదటి సినిమాకు నేపథ్య సంగీతం చెయ్యమని వచ్చాడు. నాకూ అదే మొదటి సినిమా. అందులో, ఎక్కిన పుట్టి పడవ మునిగి కనపడకుండా పోయిన కొడుకు కోసం ఒక తల్లి పొద్దంతా కృష్ణ ఒడ్డున కూర్చునే ఘట్టం ఉన్నది. మాట ఒక్కటి లేదు. వయొలిన్లు పెడితే, ఆమె ఏడవకముందే సంగీతం ఏడుస్తున్నదని దర్శకుడు తీసేయమన్నాడు. జావా గంటలు పెడితే అడుగున బరువు కుదిరింది గానీ పైన నీళ్లు వినపడలేదు. ఇంకో వారం చూస్తాననీ, కుదరకపోతే హైదరాబాదులో ఇంకెవరికైనా అప్పగిస్తాననీ మర్యాదగానే చెప్పిపోయాడు.

నీళ్లు అనగానే నాకు నడిగూడెంలో ఉండే మా మేనమామ గుర్తొచ్చాడు. పింగాణి గిన్నెల్లో నీళ్లు పోసి సన్నటి పుల్లలతో వాయించే జలతరంగంలో ఆయన పేరు చుట్టుపక్కల ఊళ్లకంతా తెలుసు. క్రిస్మస్‌కు చర్చిలో, మిగతా ఏడాదంతా నాటకాల్లో వాయించేవాడు. అయితే కొన్నేండ్ల కింద చేతులకు వణుకు పట్టింది. గిన్నెలను గడ్డి కుక్కి అటక ఎక్కించి, ఇగ వాటి మాట ఎత్తొద్దన్నాడు. దర్శకుడికి జలతరంగం అని చెప్పగానే ఆయనా మొహం చిట్లించాడు. పాత సినిమాల్లో హీరోయిన్ సిగ్గుపడ్డప్పుడల్లా అదే మోగేది కదా, జనం నవ్వుతారని ఆయన భయం. అయినా నేను మా ఆయనను వెంటబెట్టుకొని, యంత్రం తీసుకొని నడిగూడెం పోయాను.

మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆయన చెయ్యి నలుగురిల చిన్నబోయేటట్టు చెయ్యకు బిడ్డా" అన్నది. నేను మామ దగ్గర కూర్చుని, పాట వాయించే పని లేదనీ, ఒక్కో గిన్నెను ఒక్కో దెబ్బ కొడితే చాలనీ, మళ్లీ కొట్టేదాకా ఎంతసేపైనా ఆగొచ్చనీ చెప్పాను. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు.

"ఒక్క దెబ్బేనా? గది కూడ ఒక వాయించుడేనా?"

"మిగతాది నేను వాయిస్త మామా. దెబ్బ మాత్రం నీదే కావాలె."

గిన్నెలు దిగినాయి. వీధి చివర పిండిగిర్ని ఉండేది, దాని చప్పుడు పడకుండా మా అత్త పోయి ఆ పూటకు బంద్ పెట్టించింది. మామ ఒక చేత్తో ఇంకో మణికట్టును గట్టిగా పట్టుకొని, ఊపిరి బిగబట్టి కొట్టేవాడు. మోత పూర్తిగా సద్దుమణిగేదాకా ఎవ్వరం కదిలేవాళ్లం కాము. కొన్ని దెబ్బలు వణుకుకు రెండుసార్లు తగిలి పాడయ్యేవి. వాటికి ఆయన పరేషాన్ అయ్యేవాడు. చెమట తుడుచుకొని మళ్లీ పుల్ల అందుకునేవాడు. పొద్దు వాలేసరికి అన్ని గిన్నెలూ అయిపోయినాయి.

సూర్యాపేటకు వచ్చి ఆ మోతలను సాంప్లర్‌లో కిందికి దించాను. అంటే, గిన్నెకు లేనంత మంద్రంలో, నెమ్మదిగా మోగేటట్టు చేశాను. గలగలలాడే పింగాణి కాస్తా ఏదో లోతైన బావిలో గంటలా మారింది. దాన్ని జావా గంటల పైన పరిచి దర్శకుడికి వినిపించాను. ఆయన తెర మీది తల్లినే చూస్తూ చివరిదాకా విని, "ఇది ఏ దేశందమ్మా?" అని అడిగాడు.

"నడిగూడెంది" అన్నాను.

సినిమా మిర్యాలగూడలో ఆడినప్పుడు మామను, అత్తను తీసుకుపోయాను. ఆ ఘట్టంలో ఒక్కరూ నవ్వలేదు, హాలంతా ఆ తల్లినే చూస్తున్నది. నా పక్కన మామ మాత్రం తనదెప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూనే ఉన్నాడు. బయటికొచ్చాక చెబితే నమ్మలేదు. "గంత బరువుగ మోగినయి నా గిన్నెలేనా?" అన్నాడు, మళ్లీ తనే "మంచిగనే ఉన్నది గానీ, నా చెయ్యి నాకు దొరకలే" అన్నాడు. సినిమా బాగుందన్న సంతోషంలో ఉన్న నాకు ఆ మాట ఎక్కడో తగిలింది.

అందుకని ఆ రాత్రికి ఇద్దరినీ మా ఇంట్లోనే ఉంచుకొని, మర్నాడు పొద్దున మామను స్టూడియోలో కూర్చోబెట్టి, మోతలను ఆయన కొట్టిన శ్రుతికే తెచ్చి, నాటకాల్లో తెర లేచేముందు ఆయన వాయించే వరస వాయించాను. మామ కళ్లు మూసుకున్నాడు. నా వేగం ఎక్కువైన చోట "జర నిమ్మళంగ" అన్నాడు. రెండోసారికి కుదిరింది. ఒళ్లో ఆయన వేళ్లు నాతోపాటే నడుస్తున్నాయి. అయిపోయాక, "ఇగో, ఇది నాది" అని లేచి, చాయ్ తాగి, అత్తతో నడిగూడెం బస్సెక్కాడు.

మామ పోయి చాలా ఏండ్లయింది. ఇప్పుడు లోకంలోని వాయిద్యాలన్నీ ఒక్క లాప్‌టాప్‌లో వస్తున్నాయి. నేను ఇంకా అప్పుడప్పుడు చిన్న చిన్న సినిమాలకు పని చేస్తూనే ఉన్నాను. ఒక్క మోత కోసం ఊరూరూ తిరిగే అవసరం లేదు, పని సులువైంది, నాకు అందులో ఫిర్యాదేమీ లేదు. కాకపోతే ఏ దేశపు గంటో తెచ్చి మీట నొక్కినప్పుడల్లా, దీన్ని కొట్టినాయన ఎవరో, ఆ పూట ఒంట్లో ఎట్లా ఉండెనో, ఆయన ఇంట్లో ఎవరెవరు ఊపిరి బిగబట్టి నిలబడ్డారో అనిపిస్తుంది. అడుగుదామంటే ఆ మోత పక్కన కొట్టినవాళ్ల పేరు ఉండదు.