ముప్పై అయిదు వస్తే పాసే

నేను చెప్పవలసిన మాట చాలా చిన్నది. "ఆ అమ్మాయి రాసిందే కరెక్టు, తప్పు నాది." అంతే. ఆ రోజు ఆ మాట అనలేదు. అనకపోగా ఇంకో మాట అన్నాను. ఆ రెండో మాటనే ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. జాలి పడకండి. నా మీద నాకు కోపం చల్లారలేదు. చల్లారకూడదు కూడా.

తొంభైల మొదట్లో నల్లగొండలో, యూనివర్సిటీ కింద నడిచే ఒక కాలేజీలో, కామర్స్‌కు కంప్యూటర్లు కలిపి కొత్త విభాగం తెరిచారు. నేను చదివింది ఎం.కాం. హైదరాబాదులో ఏదో చిన్న కోర్సు చేసి వచ్చానని కంప్యూటర్ పాఠం నాకు అప్పజెప్పారు. టెంపరరీ ఉద్యోగం. నిజం చెప్పాలంటే ఆ మిషన్లంటే నాకు భయం. ఏది నొక్కితే ఏం చెడిపోతుందో, ఎవరు నన్ను అడుగుతారో అని. ల్యాబు గడప ముందు అందరూ చెప్పులు విడవాలి. లోపల మిషన్లకు బట్ట ముసుగులు. కరెంటు ఉండే రోజులు తక్కువ. ఉన్నా ముసుగు తీసే రోజులు ఇంకా తక్కువ.

మరి ప్రాక్టికల్స్ ఎక్కడ జరిగేవి? రికార్డు పుస్తకంలో. నేను బోర్డు మీద ప్రోగ్రాం రాసేవాణ్ని. పిల్లలు దాన్ని కుడి పేజీలో ఎక్కించుకునేవారు. మిషన్ ఇవ్వవలసిన జవాబును ఎడమ పేజీలో తమ చేత్తోనే రాసుకునేవారు. నేను సంతకం పెట్టేవాణ్ని. మధ్యలో మిషన్ లేదు. దాన్నే మేం ప్రాక్టికల్ అన్నాం. తనిఖీకి ఎవరో వస్తున్నారంటే మా విభాగం లక్ష్యాలను నేనే గుండ్రటి అక్షరాలతో అట్ట మీద రాసి గోడకు కొట్టాను. మొదటి లక్ష్యం: విద్యార్థి సొంతంగా ఆలోచించి ప్రోగ్రాం రాయగలగాలి. రాయడానికి సిగ్గుండాలి కదా? నాకు లేకపోయింది.

నస్రీన్ రామన్నపేట నుంచి బస్సులో వచ్చేది. తండ్రి లేడు. అన్న సలీం బట్టలు కుట్టే దుకాణం నడుపుతూ ఆమెను చదివించేవాడు. ఒక్కసారి ఫెయిలైనా చదువు బందేనని ఆయన అన్నట్టు క్లాసులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఒకరోజు మార్కుల ప్రోగ్రాం రాయించాను. మార్కులు చూసి మిషన్ పాసో ఫెయిలో చెప్పాలి. ముప్పై అయిదు కంటే ఎక్కువైతే పాస్, లేకపోతే ఫెయిల్ అని రాశాను. నస్రీన్ లేచి నిలబడింది.

"సార్, సరిగ్గ ముప్పై అయిదే వస్తే పాసే గద సార్? మీరు రాసినట్టయితే మిషన్ గాళ్లను ఫెయిల్ జేస్తది."

వెనక బెంచీ నుంచి ఎవడో, "నీకు గన్నే వస్తయని ఫికరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "బోర్డు మీదున్నది రాయమ్మా, ముందుగాల రికార్డు పూర్తి చెయ్" అన్నాను.

బోర్డు వైపు తిరగగానే నాకు తెలిసిపోయింది, ఆమె చెప్పిందే నిజమని. ఒక్క గుర్తు మారిస్తే సరిపోయేది. సుద్దముక్క చేతిలోనే ఉంది. ఎందుకు మార్చలేదు? అప్పటికే ఇంకో సెక్షన్ రికార్డుల్లో సంతకాలు పెట్టేశాను. ఇప్పుడు మారిస్తే, ఈ సారు దీన్ని ఒక్కసారైనా మిషన్ మీద నడిపి చూశాడా అని ఎవరో ఒకరు అడుగుతారు. చూడలేదు. నా భయమల్లా అదే. ఆ ఏడే నన్ను పర్మినెంట్ చేసే మాట నడుస్తోంది.

ప్రాక్టికల్ పరీక్ష రోజు కరెంటు లేదు. అలాంటప్పుడు ప్రోగ్రామూ, దానికి వచ్చే జవాబూ కాగితం మీద రాసివ్వడం మా దగ్గర అలవాటే. వచ్చింది ఆ మార్కుల లెక్కే. జవాబుల కీ తయారు చేసింది నేనే. ఇచ్చిన మార్కుల్లో ఒక విద్యార్థికి సరిగ్గా ముప్పై అయిదు ఉన్నాయి. రికార్డు బట్టీపట్టిన క్లాసంతా అతన్ని ఫెయిల్ చేసింది. నస్రీన్ ఒక్కతే పాస్ చేసింది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు భోజనానికి తొందరపడుతున్నారు. కీ పక్కన పెట్టుకుని టిక్కులు కొడుతూ ఆమె పేపరు దగ్గర ఆగారు.

"ఏందయ్యా, గీమె జవాబు కలుస్తలేదు? పిల్ల ఎట్లాంటిది?"

ఆయన నన్నే అడిగారు. నేను చెబితే వినేవారే.

"వీక్ స్టూడెంట్ సార్" అన్నాను. ఆయన ఆ జవాబు కొట్టేసి ఫెయిల్ మార్కులు వేశారు.

ఫలితాలు వచ్చాక ఆమె స్టాఫ్ రూం గడప దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"సార్, గా దినం క్లాసుల నేను అడిగిన గద. యాదికి లేదా?"

"కీ ప్రకారం దిద్దిన్రమ్మా. నా చేతుల ఏం లేదు."

"కీ ఎవరు రాసిన్రు సార్?"

నేను కిటికీ వైపు చూశాను. ఆమె వెళ్లిపోయింది. మళ్లీ కాలేజీకి రాలేదు.

నన్ను పర్మినెంట్ చేశారు. రిజల్టు బాగా వచ్చిందని హెడ్ భుజం తట్టారు. గోడ మీది మొదటి లక్ష్యాన్ని అందుకున్నది క్లాసులో ఒక్కతే. మేం ఫెయిల్ చేసింది ఆమెనే. చాలాకాలం నేను వ్యవస్థను తిట్టుకున్నాను, కరెంటును తిట్టుకున్నాను, అన్నానికి తొందరపడ్డ ఆ ఎగ్జామినరునూ తిట్టుకున్నాను. కానీ వీక్ స్టూడెంట్ అన్నది కరెంటా? వ్యవస్థకు నాలుక ఉందా? ఆ నాలుక నాది.

కొన్నేళ్లకు పరీక్ష డ్యూటీ మీద రామన్నపేట వెళ్లాను. కావాలనే ఆ దుకాణం వెతుక్కుంటూ వెళ్లాను. సలీం బట్ట కత్తిరిస్తున్నాడు. నస్రీన్ మిషన్ మీద కుడుతోంది. నేను మెట్టు ఎక్కుతుండగానే అతని గొంతు వినబడింది.

"అంగీ చేతులు ఉల్టా వెట్టినవ్ జూడు. కంప్యూటర్ల ఫెయిలైన దిమాకు గద!"

గిరాకీలు నవ్వారు. ఆ రోజు క్లాసు నవ్వినట్టే. ఆమె తలెత్తకుండా కుట్లు విప్పుకుంటోంది. నేను వంగి, చెప్పాలనుకున్నదంతా ఆమెకు మెల్లగా చెప్పాను. విన్నది.

"నాకెందుకు జెప్తున్నరు సార్? నాకు గా దినమే ఎర్కనే. మా అన్నకు జెప్పుండ్రి. గట్టిగ జెప్పుండ్రి, అందరు ఇనాలె."

ఆమె కళ్లలో మన్నింపు లేదు. వెతికాను కాబట్టి చెబుతున్నాను, లేదు. అయినా నోరు తెరిచాక, అన్నేళ్లలో మొదటిసారి నా గొంతు నాకే సరిగా వినబడింది.

"సలీం భాయ్, జర కత్తెర ఆపు. నీ చెల్లె ఫెయిల్ కాలే. ఆమె రాసిందే కరెక్టు. తప్పు రాపిచ్చింది నేను. తెలిసీ నోరు మూసుకున్నది నేను. ఆ పిల్ల వీక్ అని అబద్ధం జెప్పింది గూడ నేనే. తప్పయింది నస్రీన్. నీ చదువు ఆగింది నా వల్లనే. నన్ను మాఫ్ చెయ్యమ్మా."