ఎడమవైపు సీటు

పోయిన నెల కడపలో కారు చూడడానికి వెళ్ళి తలుపు తెరవగానే, కొత్త రెగ్జిన్ వాసన, దాని వెనకనే సీట్లు అతికించే సొల్యూషన్ ఘాటు గుప్పుమని తగిలాయి. అమ్మే అమ్మాయి ముచ్చటపడుతూ "కూర్చోండి మేడమ్, పరుపులాగా ఉంటుంది" అంది. నేను కూర్చోలేదు. పిడికిలి బిగించి సీటు మధ్యలో గట్టిగా అదిమి, అడుగున ఇనుము తగులుతుందేమోనని చూశాను. ఆ పిల్ల నవ్వాపుకుంటూ పక్కకు తిరిగింది. నవ్వితే నవ్వనీ. లోకంలో అందరికీ మెత్తదనం ఇష్టం, నాకు మాత్రం భయం. మా నాయన నాకు ఇచ్చిపోయిన ఆస్తి అదొక్కటే.

మా నాయన పేరు జాకోబు. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి, అదే తెల్లటి బెరైటీస్ ఖనిజం, మోసుకుపోయే లారీలు ఆగే చోట, రాజంపేట దారిలో, రేకుల షెడ్డు వేసుకుని సీట్లు కుట్టేవాడు. ఎండాకాలం ఆ రేకుల కింద నిలబడితే మాడు పగిలిపోయేది. అయినా బడి వదలగానే నేనూ మా చెల్లెలూ అక్కడికే పరిగెత్తేవాళ్ళం, ఎందుకంటే ఊడదీసి పారేసిన పాత సీట్లన్నీ షెడ్డు వెనక గుట్టగా పడి ఉండేవి, వాటిమీదకెక్కి ఒకరం డ్రైవరు, ఒకరం క్లీనరు అయి, నోటితోనే హారన్ కొట్టుకుంటూ మద్రాసు దాకా పోయి వచ్చేవాళ్ళం. ముగ్గురాయి పొడి మా జడలమీద, అమ్మ ఆరేసిన బట్టలమీద, కంచంలో సంగటి ముద్దమీద కూడా తెల్లగా వాలేది. వానాకాలం అని పేరుకు ఒకటి ఉండేదిగానీ, ఆ మబ్బులు మా మీదుగా దాటిపోయి ఇంకెక్కడో కురిసేవి.

క్రిస్మస్ ముందర షెడ్డులో పని తెగేది కాదు. ఇంట్లో అమ్మ ఓళిగలకు పప్పు ఉడకేసి, కజ్జికాయలకు కొబ్బరి కోరుతుంటే, ఆ బెల్లం వాసన నాయన చొక్కాకు అంటిన సొల్యూషన్ వాసనతో కలిసిపోయి, పండగంటే ఆ రెండూ కలిసిన వాసనే అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. నాయన నోట్లో చిన్న మేకులు పట్టుకుని, చేతిలో దబ్బనంతో, కొబ్బరి పీచు కూరి, పైన స్పాంజి పరిచి, రెగ్జిన్ లాగి కుట్టేవాడు. "సీటంటే అమ్మ ఒడిలాగుండల్ల" అనేవాడు. డ్రైవర్లు ఆయన్ను ఆటపట్టించేవాళ్ళు, నీ సీట్లో కూచుంటే నిద్రొస్తాండాది, లారీ గుంతలో పడితే పాపం నీదే జాకోబూ అని. నాయన మురిసిపోయేవాడు. మెత్తగా కుట్టడంలో ఆయన్ను మించినవాడు లేడని ఆ దారంతా పేరు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, తక్కిన గనుల యజమానులు పెద్ద పెద్ద కార్లు కొనుక్కుంటుంటే, మేమంతా పెద్దాయన అని పిలిచే ఆసామి మాత్రం ఇద్దరు పట్టే చిన్న విమానం కొన్నాడు. తన బీడులో కంపచెట్లు కొట్టించి, నేల చదును చేయించి, దాన్ని అక్కడ దింపించాడు. నడపడానికి కర్నూలు నుంచి ఖాదర్ కెప్టెన్ వచ్చాడు. పొడుగాటి మనిషి, ఒక చెయ్యి ఎప్పుడూ నడుము మీదే ఉండేది. ఒకనాడు మోటారు సైకిలు దిగి నేరుగా మా షెడ్డులోకి వచ్చాడు.

"ఏమప్పా జాకోబూ, నీ సీటు గురించి లారీలోళ్ళు శానా చెప్తాండారు. నా సీటు కూడా చూడప్పా. బెంగళూరు పోయొచ్చేలోపల నడుము రెండు ముక్కలైతాండాది" అన్నాడు.

"ఇమానం సీటు నేనెప్పుడూ కుట్టలేదు సార్."

"సీటు యాడున్నా సీటే గదప్పా!"

చదువుకున్న కెప్టెనూ, చదువుకోని నాయనా ఇద్దరూ నిజంగా అలాగే అనుకున్నారు. 

ఆదివారం ప్రార్థన అయ్యాక నాయన కొలతలకు బయలుదేరితే నేను వెంటపడ్డాను. విమానమంటే మేడలాగ ఉంటుందనుకున్న నాకు అది చూడగానే ఏడుపొచ్చినంత పనైంది. లోపల మా వంటింటి అటకంత చోటు కూడా లేదు. రెండు సీట్లు ఒకదాని పక్కన ఒకటి, భుజాలు రాసుకునేంత దగ్గరగా ఉన్నాయి. నడిపే కర్ర మోకాళ్ళ మధ్యకు వచ్చేది, ముందర గడియారాల్లాంటి బిళ్ళలు బిగించిన పలక అంచు మోకాలి చిప్పలకు తగిలేది, పెడళ్ళు కదలవు కాబట్టి పొడుగు మనిషి కాళ్ళు మడుచుకునే కూర్చోవాలి. నెత్తిన అద్దంలాంటి కప్పు, దానికి నీడంటూ లేదు. లోపలంతా పెట్రోలు వాసన. నన్ను కెప్టెన్ కూర్చునే ఎడమవైపు సీట్లో కూర్చోబెడితే నడుము పట్టీ బిళ్ళ తొడమీద చుర్రుమంది. కింద పలచని రేకు, దానిమీద గట్టి అట్టలాంటి మెత్త. పైన ఎగిరేవాళ్ళకు ఇంత కష్టమా అని నాకు జాలేసింది.

నాయన ఒక్కొక్కటే చక్కబెట్టాడు. కప్పుకు లోపలినుంచి జరుపుకునే గుడ్డ తెర కుట్టాడు, పట్టీ బిళ్ళకు తొడుగు వేశాడు, పలక అంచుకు స్పాంజి చుట్టాడు. సీటుకు మొదట పీచు కూరి ఇస్తే, రాయిమీద కంబళి పరిచినట్టుండాదని కెప్టెన్ మూతి తిప్పాడు. అది నాయన పౌరుషానికి తగిలింది. ఇంటికొచ్చి అమ్మను ఆమె పెళ్ళినాటి పరుపు అడిగాడు. అమ్మ గొణుక్కుంటూనే విప్పి, అందులోని బూరుగు దూది మొత్తం ఇచ్చింది. మా చెల్లెలూ నేనూ గడపమీద కూర్చుని ఆ దూది చిక్కులు విడదీస్తుంటే, గాలికి లేచి ఇల్లంతా తిరిగేది. ఆ దూదిని అడుగున పరిచి, పైన మందమైన స్పాంజి వేసి నాయన కుట్టిన ఆ సీటులో కూర్చోగానే మనిషి కిందికి దిగిపోయేవాడు. కుడివైపు సీటు కూడా మార్చమంటారా అని పెద్దాయన్ను అడిగితే, "నాకొద్దులేప్పా, నేనెక్కేది ఎప్పుడో ఒకతూరి" అన్నాడు.

ఆ చలికాలం మా ఇంట్లో మంచిరోజులు. కెప్టెన్ దారిలో పోతూ ఆగి, అమ్మ చేతి సంగటిలో చెనిక్కాయల ఊరిమిండి నంజుకుని తిని, "నడుము నొప్పి యాడికి పోయిందో తెలీదు చెల్లెమ్మా" అనేవాడు. రంజానుకు మాకు సేమ్యా గిన్నె పంపాడు. మా ఇంటిమీదుగా విమానం పోయినప్పుడల్లా నాయన పని ఆపి తలెత్తి చూసేవాడు.

ఎండాకాలం, నడిమధ్యాహ్నం వడగాలిలో అది జరిగింది. దిగబోతున్న విమానం ఇంటి కప్పంత ఎత్తులో ఉండగా గాలి ఒక్కసారిగా వదిలేసింది, దబ్బున నేలమీద పడింది. పగల్లేదు, మంట లేవలేదు, చక్రాల కాళ్ళు మాత్రం వంగాయి. కుడివైపు నుంచి పెద్దాయన తనంతట తాను దిగి, నడుము పట్టుకుని, నాలుగడుగులు నడిచి నీళ్ళడిగాడు. ఖాదర్ కెప్టెన్ దిగలేదు. పరిగెత్తుకుపోయిన నాయన చెయ్యి పట్టుకుని, "కాళ్ళుండాయాప్పా? నాకు తెలుస్తా లేదు" అన్నాడట.

కొన్నాళ్ళకు విచారణకు వచ్చిన అధికారి ఆ సీటు పట్టుకుని మా షెడ్డుకే వచ్చాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. అరచెయ్యి పెట్టి అదిమాడు, చెయ్యి అడుగుదాకా దిగిపోయింది. మెత్తటి సీటులో మనిషి ముందు లోపలికి దిగబడతాడనీ, అప్పటికే కింద విమానం నేలకు కొట్టుకుని ఆగిపోయి ఉంటుందనీ, దిగుతున్న మనిషి పోయి ఆ రేకును గుద్దుకుంటాడనీ, ఆ దెబ్బంతా వెన్నుకే తగులుతుందనీ చెప్పాడు. గట్టి సీటు మనిషిని విమానంతోపాటే ఆపుతుందట. "అందుకే పక్కన కూర్చున్నాయన నడిచాడు. నీ తప్పు కాదు, నీకు తెలియదు కదా" అని నాయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ భుజం తట్టకపోయినా బాగుండేది.

ఆ రాత్రి నుంచి నాయన మంచం ఎక్కలేదు, చాప పరుచుకోలేదు. వసారాలో కడప బండమీద ఉత్తగా పడుకునేవాడు. షెడ్డులో స్పాంజి ముట్టడం మానేసి పీచు దట్టించి కుట్టేవాడు. ఇదేం సీటని డ్రైవర్లు విసుక్కుని వేరే షెడ్లకు పోయారు. అమ్మ తిట్టింది, ఏడ్చింది, పాస్టరుగారితో చెప్పించింది. నాయన అన్నిటికీ తల ఊపి మళ్ళీ ఆ బండమీదికే పోయేవాడు. నాకు ఆయనమీద కోపం వచ్చేది. మాకు కావలసిన నాయన ఆ సీటుతోపాటే పోయాడు.

చివరికి నాయన కెప్టెన్ను చూడాలని కర్నూలుకు బయలుదేరితే, ఒక్కణ్ణే పంపడం ఇష్టంలేక అమ్మ నన్ను తోడిచ్చింది. పాతబస్తీ ఇంట్లో కెప్టెన్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నాయన గుమ్మంలోనే నిలబడి "సార్, నేను కుట్టిన సీటే..." అని ఆగిపోయాడు.

"తెలుసులేప్పా. ఇచారణకొచ్చినాయప్ప నాకూ చెప్పినాడు" అన్నాడు కెప్టెన్. తరవాత కప్పు వైపు చూస్తూ, "నొప్పి లేకుండా ఇమానం నడిపింది నీ సీట్లోనే జాకోబూ" అన్నాడు.

నాయన అంత గట్టిగా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. "ఏడవద్దప్పా. ఇప్పుడు మాత్రం నొప్పి యాడుండాది" అని కెప్టెన్ నవ్వాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కాసేపటికి వచ్చి, వీపున పుండ్లు పడుతున్నాయి, మెత్తటి పరుపు ఒకటి కుట్టిస్తావా అన్నా అని నాయననే అడిగింది. నాయన అక్కడే ఉండి కుట్టాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పినా పోలేదు. కెప్టెన్ మరుసటి వానాకాలం దాటలేదు.

ఇప్పుడు ఆ బీడులో నేల కనిపించకుండా సోలారు పలకలు పరిచారు. విమానాన్ని ఎవరో తూకానికి కొనుక్కుపోయారు. లారీలకు సీట్లు కంపెనీ నుంచే కుట్టి వస్తున్నాయి, షెడ్డు ఉన్న చోట టీ కొట్టు పడింది. దూది కాయల కోసం చిన్నప్పుడు మేము ఎక్కిన బూరుగు చెట్లు ఒక్కటీ మిగల్లేదు. నాయన పోయి ఏడాదైంది. ఆఖరి రోజుల్లో బండమీద పడుకుని పడుకుని ఆయన వీపున కూడా పుండ్లు పడితే, ఆయనకు తెలివిలేనప్పుడు చూసి మేమే ఎత్తి పరుపుమీద వేశాం. తెల్లవారాక కళ్ళు తెరిచి, పక్కనున్న నన్ను పోల్చుకున్నాడో లేదో, "సారు దిగినాడా పాపా?" అన్నాడు.

"దిగినాడు నాయనా. నడుచుకుంటా పోతాండాడు" అన్నాను.

నాయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. అరచెయ్యి పెట్టి తన కింది పరుపును ఒకసారి అదిమి, గోడ వైపు తిరిగాడు.