పిడికెడు బియ్యం

మొన్న కుక్కర్లోకి బియ్యం పోస్తుంటే నా చెయ్యి తనంతట తానే ఒక పిడికెడు వెనక్కి తీసింది. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో పెరిగిన నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడికని పిడికెడు బియ్యం తీసి కుండలో వేసి, ఆదివారం చర్చికి పట్టుకెళ్ళేవాళ్ళం.

అరవైల మొదట్లో, ఆ బియ్యం జైలుకి వెళ్ళాలన్నది మా మేనమామ. నందిగామలో బడిపంతులు. క్రిస్మస్ పాటలు పాడటానికని ఒక సబ్‌జైలుకి వెళ్ళి (ఏ ఊరిదో రాయను, ఉలిక్కిపడేవాళ్ళు ఇంకా ఉన్నారు), విచారణైనా జరగని మనుషులు నీళ్ళజావ తాగుతుండటం చూసి వచ్చినవాడు ఇక ఊరుకోలేదు. అర్జీల మీద అర్జీలు పెట్టాడు, ప్రతి ఆదివారం చర్చి బియ్యంతో అన్నం వండించి మోసుకెళ్ళాడు. ఒకనాడు ఖైదీ ఒకడు పారిపోయేసరికి, ఊచలు కోసే ఆకురాయిని అన్నం గిన్నెలో దాచి అందించాడంటూ ఆయన్నే లోపలేశారు. అన్నం పెట్టడం ఏ చట్టంలో నేరమో నేనిప్పటికీ అడుగుతాను.

జగ్గయ్యపేట నుంచి అమ్మ నన్ను వెంటేసుకుని క్యారేజీ పట్టుకెళ్తే, లోపలున్న అందరికీ పెడితేనే తింటానని మామయ్య తిప్పి పంపాడు.

"వచ్చిన కాణ్ణుంచి మెతుకు ముట్టలేదమ్మా మీ తమ్ముడు. మీరన్నా చెప్పండి," అన్నాడు జవాను.

"వాడితో వాదించి గెలిచినోళ్ళు మా ఇంట్లో లేరండి. అందరికీ తెస్తే లోపలికి పోనిస్తారా, అది చెప్పండి," అంది అమ్మ.

సరేనన్నాడు. అమ్మ బియ్యం కోసం మా ఊళ్ళో చర్చి వాళ్ళ ఇల్లిల్లూ తిరిగింది. "ఈ వారం తియ్యడం మర్చిపోయామమ్మా," అన్నారు గుమ్మంలోనే. పూటపూటా తీసే పిడికెడు ఊరంతా ఒకే వారంలో ఎలా మర్చిపోయిందో! భయమేస్తోందని ఒప్పుకున్నా క్షమించేదాన్నేమో. మా కుండలో ఉన్న కాసిని బియ్యం అందరికీ సరిపోవాలంటే జావ కాయక తప్పలేదు. ఏ నీళ్ళజావ మీద తమ్ముడు పోరాడాడో దాన్నే అమ్మ మోసుకెళ్ళింది. మామయ్య అందరితో పాటు గ్లాసెత్తి తాగి, "నీ మీదా ఓ అర్జీ పెట్టాలే అక్కా, సర్కారు జావే నయం," అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.

పారిపోయినవాడు దొరికి, గోడ దూకి పోయానని తనే చెప్పాక మామయ్యని వదిలేశారు, దగ్గు మాత్రం వదల్లేదు. వానలు పడకముందే పోయాడు. ఆ రోజు, మర్చిపోయిన వాళ్ళంతా చేటలతో బియ్యం తెచ్చారు.

ఇప్పుడు చర్చిలో బియ్యం కుండ లేదు, కానుకలు కవర్లో వేస్తున్నాం. జైళ్ళలో అన్నం పెడుతున్నారనే వింటున్నాను. తీర్పు లేకుండా మగ్గేవాళ్ళు మాత్రం ఉన్నారు, వాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగే అక్కలే లేరు. చేతిలోని పిడికెడు ఎక్కడ వెయ్యాలో తోచక, తిరిగి కుక్కర్లోనే పోశాను.