ఉప్పు తగ్గిన వారం

మా జేజి ఉప్పు మానేసింది నా మాట మీదే. ఈ సంగతి పట్టుకుని ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకేనేమో, నాకు నేనే అప్పుడప్పుడు చెప్పుకుంటూ ఉంటాను.

అప్పుడు నేను కర్నూలులో నర్సింగ్ మొదటి ఏడు చదువుతున్నాను. మా ఊరు జమ్మలమడుగు పక్క, మగ్గాల వీధి. అమ్మ నూలు చీరలు నేస్తుంది. నాయన ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ తోలుకుపోతే మళ్లీ వారానికో పదిరోజులకో ఇంటి ముఖం చూస్తాడు. జేజి, అంటే నాయనను కన్న తల్లి, చూపు ఆనక నేత మానుకుంది గానీ, రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టడం మానలేదు. ఇల్లంటే ఆ ముగ్గురే, నాతో నలుగురం.

ఆ ఏడంతా నాకు ఒక మత్తులో గడిచినట్టు గుర్తు. మొదటి వారంలో మా చేతుల్లో తలా ఒక ఎముక పెట్టారు. నాకు వచ్చింది మెడ కింద అడ్డంగా ఉండే సన్నటి ఎముక. తేలిగ్గా, చల్లగా, చిన్న కొడవలి వంపులా ఉంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో నా ఒంట్లో ఉన్న దాన్ని తడుముకున్నాను. పద్దెనిమిదేళ్లు మోసుకు తిరిగినా అది అక్కడుందని నాకు తెలియదు. ఆ రోజు నుంచి మనుషులు నాకు వేరే రకంగా కనబడసాగారు. తుంగభద్ర ఒడ్డున నడుస్తుంటే, ఎదురుగా వచ్చే పండ్లబండి ఆయన చొక్కా లోపల గుండె తెరుచుకుని మూసుకుంటున్నట్టు ఉండేది. బస్సులో నిద్రపోతున్న ముసలాయన గొంతు దగ్గర నరం కొట్టుకుంటుంటే, దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఫిజియాలజీ చెప్పే మేడమ్‌ది కర్నూలు పాత ఊరే. తల మీద ముసుగు జారనివ్వకుండా, మెత్తగా, ఎవరికో జోల పాడినట్టు పాఠం చెప్పేది. ఒక రోజు రెండు గాజు గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, ఇంకోదాంట్లో గట్టి ఉప్పునీళ్లు. రెండింట్లోనూ కిస్‌మిస్ పండ్లు వేసింది. పాఠం ముగిసేసరికి ఉత్త నీళ్లలోవి బొద్దుగా ఉబ్బి ఉన్నాయి. ఉప్పునీళ్లలోవి ముడుచుకునే ఉన్నాయి.

"చూడండమ్మా, ఉప్పు యాడుంటే నీళ్లు ఆడికి పోతాయి. మన ఒంట్లో కణాల బయట ఉప్పు ఉంటుంది, కణాల లోపల వేరే లవణం ఉంటుంది. ఆ లెక్క సరిగా ఉన్నంతసేపూ మనం మనుషులం," అంది. 

ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను. అర్థమైందనే అనుకున్నాను.

ఆ ఎండాకాలమే జేజికి బీపీ ఉందని తేలింది. ఒంట్లో నీళ్లు దింపే బిళ్ల ఒకటి రాసిచ్చి, ఉప్పు తగ్గించమన్నారట. సాయంత్రం హాస్టల్ మిద్దె మీద నుంచి ఫోన్ చేసినప్పుడు జేజి నన్ను అడిగింది.

"అమ్మీ, ఆ డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఎంత తగ్గించాల?"

నాకు ఆ వారమే ఉప్పుకూ బీపీకీ ఉన్న సంబంధం చెప్పారు. ఒంట్లో కొత్త చదువు పొంగుతోంది. "తగ్గించేది ఏంది జేజీ, మానేయ్. ఊరగాయ కూడా ముట్టొద్దు. ఎండలు శానా ఉన్నాయి, నీళ్లు మాత్రం బాగా తాగు," అన్నాను.

"సరేమ్మా," అంది. జేజి సరే అంటే సరే.

రెండు మూడు వారాలకు అమ్మ ఫోన్ చేసింది. "జేజి ఏందేందో మాట్లాడతాందే. నువ్వొక తూరి రాగలవా?" 

మరుసటి రోజు తెల్లారే బస్సెక్కాను. నంద్యాల దాటాక నల్లరేగడి చేలు నెర్రెలిచ్చి, ఎండమావుల్లో తేలుతున్నట్టు కనబడ్డాయి. 

ఇల్లు చేరేసరికి జేజి మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ముఖం నునుపుగా, చిన్నపిల్ల ముఖంలా ఉంది. నన్ను చూసి నవ్వింది గానీ, ఆ నవ్వు నాకోసం కాదు.

"కాళ్లు పైకి పెట్టుకోమే. నీళ్లొస్తాండాయి. పెన్న నిండుగా పోతాండాది," అంది.

ఎండకు కిందనున్న కడప బండలు కాలుతున్నాయి. నేను చెప్పులు విడిచి, ఎందుకో నిజంగానే కాళ్లు మంచం మీదికి తీసుకున్నాను.

"చెల్లె యాడుండాది? పిలుచు దాన్ని. ఆ పక్కకు పోతాండాది," అని జేజి గోడవైపు చెయ్యి చూపించింది. 

జేజికి చెల్లెలు ఉందని నేనెప్పుడూ వినలేదు. అమ్మ వైపు చూశాను. తనకూ తెలియదన్నట్టు తల ఊపింది. "నిన్నటి నుంచి ఇట్లనే. ఎండదెబ్బ అని పక్కింటోళ్లు అన్యారు. గ్లూకోజు నీళ్లు తాపిస్తాండా," అంది.

జేజి మాటల మధ్యలోనే వాంతి చేసుకుంది. తర్వాత తల నిలపలేకపోయింది. ఇక ఆగలేదు. వీధిలో వాళ్ల కారు తీసుకుని కడపలో ఒక ఆస్పత్రికి పోయాం. దారి పొడుగునా జేజి తల నా ఒళ్లో ఉంది. మెడ దగ్గర నరం పట్టుకుని చూస్తూనే ఉన్నాను. అది కొట్టుకుంటోందని తెలిసింది గానీ, ఎందుకు ఇలా అవుతోందో ఒక్క ముక్క తెలియలేదు.

వార్డులో ఉన్నది వయసులో చిన్న డాక్టరమ్మ. రక్తం తీయించి, అమ్మను అడిగింది: "అవ్వ ఈ మధ్య ఏం తింటోంది?"

"శానా తక్కువ తింటాందమ్మా. ఉప్పేస్తే తట్ట అవతలికి నెట్టేస్తాది. మా మనవరాలు చెప్పింది, అది డాక్టరు చదువు చదువుతాంది, దానికి తెల్దా అంటాది. నీళ్లు మాత్రం బిందెలు బిందెలు తాగుతాది. అదీ మనవరాలే చెప్పిందంట."

అమ్మ మామూలుగానే చెప్పింది. ఇందులో నా మీద నేరం మోపడం ఏమీ లేదు. నాకు మాత్రం గ్లాసులో ఉబ్బిన కిస్‌మిస్ పండ్లు కళ్ల ముందు తేలాయి. ఉప్పు తిననివ్వలేదు, ఒంట్లో మిగిలిన ఉప్పునూ ఆ నీళ్లు దింపే బిళ్ల బయటికి తోసేస్తోంది, పైన బిందెల నీళ్లు. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? కణాల్లోకి పోతాయి. చెయ్యి ఉబ్బితే చర్మం సాగుతుంది. తలలో సాగడానికి చోటేదీ?

రిపోర్టు వచ్చింది. రక్తంలో సోడియం, అంటే ఉప్పు లెక్క, నూట ముప్పై అయిదుకు తగ్గకూడదు. జేజిది నూట తొమ్మిది.

"మేడమ్, ఉప్పు సెలైను గబగబా ఎక్కించేస్తే..." అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "మనవరాలివి నువ్వేనా? ఎన్నో ఏడు?"

"మొదటి ఏడు."

"గబగబా ఎక్కిస్తే మనిషికే మోసం. తక్కువ ఉప్పుకు మెదడు ఎట్లనో అలవాటు పడి సర్దుకుని ఉంది. ఉన్నట్టుండి ఉప్పు పెంచితే లోపలి నీళ్లు ఒక్కసారిగా బయటికి వచ్చేస్తాయి. మాట పోవచ్చు, కాళ్లూ చేతులూ పోవచ్చు. రోజుకు ఏడో ఎనిమిదో పెరగాలి, అంతకు మించకూడదు." గొంతు తగ్గించి, "నేనూ మొదటి ఏడులో మా ఇంట్లో అందరికీ వైద్యం చేశానులే," అంది.

అట్లా నాలుగు రోజులు. బిళ్ల ఆపేశారు. నీళ్లు కొలిచి ఇవ్వమన్నారు, గొంతు తడవడానికి మాత్రమే. గట్టి ఉప్పు సెలైను చుక్కా చుక్కా దిగుతుంటే, కొన్ని గంటలకోసారి రక్తం తీసేవాళ్లు. అమ్మ తడిగుడ్డతో జేజి పెదవులు అద్దేది. నేను పక్కన కూర్చుని ఆమె చెప్పేవన్నీ వినేదాన్ని.

మొదటి రోజు జేజి అంతా నీళ్లలోనే ఉంది. గండికోట కింద నుంచి పెన్న వస్తోందంది. మగ్గం మీది పడుగు తడిసిపోతుంది, ఎత్తండి అంది. చెల్లెలికి జడ వేస్తున్నట్టు గాలిలో వేళ్లు ఆడించింది. మూడు పాయలు, ఒకదాని మీద ఒకటి, చివర ముడి. ఆ వేళ్ల కదలిక చూస్తుంటే జడ నాకే కనబడింది. సెలవు మధ్యాహ్నాల్లో మగ్గం చప్పుడు వింటూ నిద్రలోకి జారుకునేటప్పుడు ఎలా ఉంటుందో, ఆ మంచం పక్కన నాకు అలా ఉండేది.

రెండో రోజు సోడియం నూట పదహారు. జేజి గొంతు మారింది. బతిమాలుతున్నట్టు అడిగింది: "దానికి ఇన్ని నీళ్లియ్యండి. దానికి ఇన్ని నీళ్లు పోయండి."

తనకే దప్పిక అవుతోందని అనుకున్నాం. డాక్టరు ఇవ్వొద్దంది కదా. "కొంచెం ఓర్చుకో జేజీ," అని చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి తోసేసి, తలుపు వైపే చూసింది. ఎందుకో తోచి, ఆమె అన్న మాటలన్నీ, ముందురోజువి కూడా, నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను.

మూడో రోజు నూట ఇరవై నాలుగు. మాటలు తగ్గాయి. నిద్ర ఎక్కువైంది. నాలుగో రోజు పొద్దున నూట ముప్పై దాటింది. కిటికీలోంచి ఎండ మంచం మీదికి వస్తోంది. జేజి కళ్లు తెరిచి నన్ను తేరిపార చూసింది.

"నువ్వెప్పుడు వచ్చినావమ్మీ? కాలేజీ ల్యాదా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బయట వరండాలోకి పోయి గోడకు ఆనుకుని ఏడ్చాను. లోపలికి వచ్చాక చూస్తే, ఇద్దరూ నాయన లారీ ఎప్పుడు వస్తుందా అని మాట్లాడుకుంటున్నారు.

ఇంటికి వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం జేజి దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. తగ్గించమన్న దాన్ని మానేయమన్నది నేనేనని, తెలిసీ తెలియని చదువుతో చెప్పానని.

జేజి రాట్నం తిప్పుతూనే వింది. "ఈ ఇంట్లో నా మాట ఎవరన్నా విన్యారా ఎప్పుడన్నా? నీ మాట నేను విన్యా. దాంట్లో తప్పేముండాది," అంది. తర్వాత, "ఈ తూరి అడిగి చెప్పు," అంది.

అప్పుడు నోటుపుస్తకం తెరిచి ఆమె మాటలు ఆమెకే చదివి వినిపించాను. పెన్న మాట దగ్గర, పడుగు మాట దగ్గర రాట్నం ఆగలేదు. దానికి ఇన్ని నీళ్లియ్యండి అన్నది చదవగానే రాట్నం ఆపింది.

"ఇది నీకెవరు చెప్పినారు?"

"నువ్వే జేజీ. ఆస్పత్రిలో."

ఆస్పత్రిలో అన్న మాటలేవీ జేజికి గుర్తులేవు. నెమ్మదిగా చెప్పింది. తనకన్నా రెండేళ్లు చిన్నదట చెల్లెలు. ఒక ఎండాకాలం వాంతులు, భేదులు పట్టుకున్నాయి. అప్పటి పెద్దవాళ్లు నీళ్లు తాపితే రోగం ఎక్కువవుతుందని ఇవ్వనివ్వలేదు. ఆ పిల్ల నీళ్లు నీళ్లని అడుగుతూనే ఉంది. 

"నేను చెంబు పట్టుకోని తలుపు బయట నిలబడినా. లోపలికి పోనీలేదు. అది అరిచీ అరిచీ ఊరకుండె. ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ," అంది జేజి. కళ్లలో నీళ్లు లేవు. గొంతు కూడా మామూలుగానే ఉంది. కాసేపటికి నన్ను అడిగింది: "ఇప్పుడైతే బతుకుతాండెనా?"

బతికేది కాదని అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "బతికేది జేజీ."

"ఏం మందు?"

"నీళ్లే. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు."

"అంతేనా?"

"అంతే. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు, అదే గుర్తు. తర్వాత ఆస్పత్రికి తీసుకుపోవాల."

జేజి ఆ కొలత నాతో మూడుసార్లు చెప్పించుకుంది. నాలుగోసారి తనే చెప్పింది, తప్పు లేకుండా. ఆ రోజు నేను కర్నూలు బస్సు ఎక్కలేదు. పొద్దు వాలేదాకా ఆమె చెల్లెలి గురించి చెబుతూనే ఉంది: జామకాయలు పచ్చివే కొరికేదని, పడుగు కింద దూరి పరిగెత్తేదని, జడ వేస్తుంటే నిలకడగా కూర్చునేది కాదని. అమ్మ మగ్గం దిగి వచ్చి గడప మీద కూర్చుని వింది.

ఇప్పుడు నేను కడపలోనే పని చేస్తున్నాను. ఎవరికైనా ఉప్పు తగ్గించమని చెప్పాల్సి వస్తే, స్టూలు లాక్కుని కూర్చుని, ఇంట్లో ఏం తింటారు, ఎన్ని నీళ్లు తాగుతారు, ఏ బిళ్లలు వేసుకుంటారు అని అడుగుతాను. డాక్టరును అడక్కుండా ఒక్క మాట ఎక్కువ చెప్పను. మా వీధిలో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే తల్లులు ముందు మా గడప దగ్గరకే వస్తారట. జేజి చెంచా చేత పట్టుకుని, వాళ్ల చేతే కలిపించి, రుచి చూపించి, ఆస్పత్రికి ఆటో ఎక్కించేదాకా వదలదట.