పదివేల ఒకటి, నాలుగు చింతగింజలు

మొన్న కూరగాయల బుట్టలో దొండకాయలతో పాటు ఒక ఆకు వస్తే ఊరికే నలిపి వాసన చూశాను, అంతే, ఇబ్రహీంపట్నంలో నిజాం కాలపు మా బడి, కంచెల మీది దొండాకు, బొగ్గు కలిపి రుద్దిన నల్లటి పలకలు అన్నీ కళ్లముందుకొచ్చాయి.

నాకప్పుడు పదేళ్లు. సద్దుల బతుకమ్మ అయిపోయి, ఇంట్లో ఇంకా నువ్వుల సత్తుపిండి మిగిలి ఉన్న రోజుల్లో, "ఇగ బడి సాలు బిడ్డా, చేన్ల పని నేర్చుకో" అన్నాడు బాపు. సంగతి తెలిసి మా మున్షీసాబు, అంటే మా పంతులు, ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఒక్క లెక్క ఇస్త. పదివేల ఒకటి. ఒకటీ, పదివేల ఒకటీ గాక, దాన్ని శేషం లేకుంట భాగించే ఇంకో అంకెను శనివారం దాంక పట్టుకొస్తే, పిల్లను బడి మాన్పియ్యద్దు" అన్నాడు. నా వైపు తిరిగి, "వందసార్ల వంద పదివేలు. వంద దాటి ఎతకకు, బేటీ" అని దారి కూడా చూపించాడు. నా వల్ల కాదనే ధైర్యంతో బాపు సరేనన్నాడు.

రెండు, మూడు, అయిదు పోలేదు. ఏడు పోయింది! నూట నలభైమూడు సార్లు, శేషం లేకుండా. పలక పట్టుకుని బడికి ఒకటే పరుగు.

మున్షీసాబు పలక చూసి, "ఒక చుక్క యాడ పోయింది?" అన్నాడు. మేము రాసేది ఉర్దూ అంకెలు, వాటిలో సున్న అంటే ఒట్టి చుక్క. నా మోచెయ్యి ఒక చుక్కను తుడిచేస్తే, నేను భాగించింది వెయ్యిన్నొకటిని! మగపిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను బడి గోడ వెనక్కి పోయి ఏడ్చి, అదే దొండాకుతో ముక్కు తుడుచుకుని, ఇక దీన్ని వదిలేది లేదనుకున్నాను.

మర్నాడు శుక్రవారం, బడికి సెలవు. ఓమనగుంటలాడుతున్న నేస్తాల దగ్గర మూడు చింతగింజలు లాక్కొచ్చి, వాకిట్లో సుద్దతో అంకెలు రాసి, సున్న ఉన్నచోటల్లా గింజ పెట్టాను. ఇక ఎట్లా చెరుగుతుందో చూస్తాను! సున్నను కిందికి దింపాలంటే గింజను జరిపితే సరి. ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, ఒక్కటీ లొంగలేదు. మోకాళ్లు గీరుకుపోయాయి. మా అవ్వ సత్తుపిండి ముద్ద నోట్లో కుక్కి, "తిని కొట్లాడు" అని పోయింది. పొద్దు వాలేవేళకు డెబ్బైఒకటి దాటి డెబ్బైమూడుకొచ్చాను. చివర అయిదొందల పదకొండు మిగిలింది. ఏడు డెబ్బైమూళ్లు సరిగ్గా అంతే!

ఎప్పుడొచ్చాడో, బాపు నా వెనకాల నిలబడి ఉన్నాడు. ఆయనకు చదువు రాదు.

"ఏం మిగిలింది?"

"ఏం మిగల్లే బాపూ, సున్న. అది పెట్టనీకి గింజలే అయిపోయినయ్."

బాపు లోపలికి పోయి, చింతపండు కుండలోంచి ఒక గింజ వలుచుకొచ్చి, వంగి, గీత కింద తన చేత్తోనే పెట్టాడు. "రేపు జర జల్ది లెవ్వు, బడి ఉన్నది" అన్నాడు.

ఇప్పుడా కంచెలు లేవు, చుక్క సున్నలు లేవు, మున్షీసాబు లేడు, బాపు లేడు. ముప్పై ఏళ్లు నేనూ బడిలో లెక్కలు చెప్పాను. శేషం సున్న వచ్చిన ప్రతిసారీ రాయబోయే నా చెయ్యి బోర్డు ముందు ఒక్క క్షణం ఆగేది, బాపు వచ్చి పెడతాడేమోనని.